ముందు కప్పు

మా నాన్న తాపీ మేస్త్రీ. కోనసీమలో నలభై ఏళ్లు ఇళ్లు కట్టాడు. కిందటి వేసవిలో అమ్మతో కలిసి ఐర్లండ్‌లోని లిమరిక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, చుట్టపుచూపుగా వచ్చిన అందరినీ తీసుకెళ్లినట్టే వాళ్లనీ బన్‌రాటీ కోటకు తీసుకెళ్లాను. పెద్ద హాల్లోకి అడుగుపెట్టగానే జనమంతా గోడలకు వేలాడే బొమ్మలు నేసిన తెరలకీ, నల్లటి ఓక్ బల్లలకీ ఫోటోలు తీసుకుంటున్నారు. నాన్న తల పైకెత్తి నిలబడిపోయాడు. దూలాల్నీ వాసాల్నీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసుకుంటూ నడిచాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "గోడ పాతదేరా, కప్పు కొత్తది. ఎన్నేళ్లయ్యుంటుంది?" అన్నాడు.

"ఓ డెబ్భై ఏళ్లు" అన్నాను.

"బతికించారు" అన్నాడు.

ఇదే కోట గురించి మా ఆఫీసులో ఇంకో మాట వింటూ ఉంటాను. నా పక్క సీటు స్నేహితుడిది ఆ కోట ఉన్న క్లేర్ కౌంటీయే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ కోటను చూస్తూ పెరిగినవాడు. "అది కోట కాదు, అమెరికా టూరిస్టుల కోసం వేసిన సెట్టింగు. కూలిన కప్పును కూలినట్టే వదిలేసి ఉంటే నిజాయితీగా ఉండేది" అంటాడు. అతను ఊరికే అనే మనిషి కాదు. చరిత్ర బాగా చదివినవాడు. అందుకే ఆ మాట నన్ను చాలాకాలం తొలిచింది. ఈ ఏడాది కాలంలో ఐర్లండ్‌లో నాకు వీలైనన్ని కోటలు చూశాను, కప్పు ఉన్నవీ లేనివీ. చివరికి నేను నాన్న వైపే తేలాను. అయితే స్నేహితుడి మాటలో నిజం లేదని కాదు. అదెక్కడుందో కూడా చెప్తాను.

బన్‌రాటీ అంటే ఐరిష్‌లో రాటీ నది ముఖద్వారం. ఆ చిన్న నది పెద్ద నది షానన్‌లో కలిసే చోట ఒక రాతి దిబ్బ మీద కోట ఉంది. సముద్రం నుంచి లిమరిక్‌కు వచ్చే ఏ పడవైనా ఆ దిబ్బ కంటపడకుండా పోలేదు. అందుకే ఆ చోటు కోసం అంతమంది కొట్టుకున్నారు. 1250 ప్రాంతంలో ఒక నార్మన్ ప్రభువు అక్కడ మట్టిదిబ్బ మీద కర్రకోట కట్టాడు. 1270ల్లో థామస్ డి క్లేర్ రాతికోట కట్టాడు. 1318లో డిసర్ట్ ఓడే యుద్ధంలో అతని వంశస్థుడు రిచర్డ్ డి క్లేర్ స్థానిక గేలిక్ (ఐరిష్) వంశమైన ఓబ్రయన్ల చేతిలో చనిపోయాడు. ఆ కబురు విన్న అతని భార్య కోటకూ ఊరికీ తానే నిప్పుపెట్టి పడవెక్కి వెళ్లిపోయిందని చెబుతారు. మళ్లీ కట్టారు. 1332లో ఓబ్రయన్లూ, ఇంకో గేలిక్ వంశం మక్‌నమారాలూ కలిసి పడగొట్టారు. 1353లో ఇంగ్లండ్ రాజు తరఫున వచ్చిన థామస్ డి రోక్‌బీ ఇంకొకటి కట్టించాడు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పుడు మనం చూసేది 1425 ప్రాంతంలో మక్‌నమారాలు పూర్తి చేసింది. అంటే అదే చోట నాలుగో కోట.

ఆ కోట యాభై ఏళ్లకే ఓబ్రయన్ల చేతికి వెళ్లింది. 1543లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఓబ్రయన్ నాయకుణ్ణి థోమండ్ ఎర్ల్‌ను, అంటే ఆ ప్రాంతపు ప్రభువును చేశాడు. తన భూమిని తానే రాజుకు అప్పగించి, మళ్లీ రాజు చేతుల మీదుగా తీసుకోవడమే ఆ బిరుదుకు ఖరీదు. ఆ వంశంలో నాలుగో ఎర్ల్ కోటను బాగా మార్పించి, పైన సీసపు రేకులు పరిపించాడు. ఈ సీసపు రేకుల సంగతి గుర్తుంచుకోండి. 1640ల్లో పోప్ ప్రతినిధి రినుచీని ఐర్లండ్ వచ్చినప్పుడు, ఆయన బృందంలోని వాళ్లు ఇలాంటి భవనం, ఇలాంటి తోటలు ఇటలీలో కూడా లేవని రాశారు. 1646లో ఐరిష్ కాథలిక్కుల కూటమి సైన్యం కోటను ముట్టడించింది. లోపల ఇంగ్లండ్ పార్లమెంటు దళాలున్నాయి. వాళ్లకు సాయంగా నదిలో ఓడలు నడిపిన విలియం పెన్ పేరు మీదే తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా వచ్చింది. కోట లొంగిపోయింది. కానీ కూలలేదు.

కోట కూలడం మొదలైంది యుద్ధం వల్ల కాదు. 1720 ప్రాంతంలో స్టడర్ట్ కుటుంబం అందులో కాపురం పెట్టింది. 1804లో పక్కనే, సౌకర్యంగా బన్‌రాటీ హౌస్ కట్టుకుని అందులోకి మారిపోయింది. కొన్నాళ్లు కోటలో పోలీసు బ్యారక్ నడిచింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పెద్ద హాలు కప్పు కూలిపోయింది. అంతే. ముట్టడిని తట్టుకున్న ఇల్లు, ఎవరూ పైకెక్కి చూడకపోవడం వల్ల కూలింది.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే తెలిసిన సంగతి కాదు. మా తాతయ్య కట్టిన పెంకుటిల్లు కూడా ఇలాగే పోయింది. నానమ్మ పోయాక ఇంటికి తాళం వేశాం. కోతులు నాలుగు నాటు పెంకులు కదిపాయి. ఆ సందులోంచి నీళ్లు వాసం మీద కారాయి. వాసం పుచ్చి దూలం మీదకి వాలింది, దూలం గోడను నెట్టింది. మూడు వానాకాలాలు. వంద రూపాయల పెంకులు, ఒక పూట కూలి ఖర్చుపెట్టి ఉంటే ఆగేది. నాన్న అప్పుడు వేరే ఊళ్లో ఎవరిదో మూడంతస్తుల మేడ కడుతున్నాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు. బన్‌రాటీ హాల్లో ఆయన పైకి చూసి "బతికించారు" అన్నప్పుడు, ఆయన చూసింది ఒక్క ఐర్లండ్ కోటనే కాదని నాకు తెలుసు.

1950ల మధ్యలో లార్డ్ గోర్ట్ ఆ కోటను కొన్నాడు. ఆ బిరుదు వహించిన ఏడో మనిషి ఆయన. ఆయన అన్న 1940లో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సేనకు నాయకత్వం వహించిన ఫీల్డ్ మార్షల్. గోర్ట్ వంశం వాళ్లది గాల్వేలోని లాఫ్ కుట్రా కోట. 1840ల ఐర్లండ్ మహా కరువు తర్వాతి అప్పుల్లో అది చేయి జారిపోతే, ఈయనే దాన్నీ తిరిగి కొన్నాడు. ఐర్లండ్‌కు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. ఆ పోరాటాల రోజుల్లో ప్రభువుల భవనాలు వందల కొద్దీ తగలబడ్డాయి. అలాంటి దేశంలో ఒక ప్రభువు వచ్చి కోటకు కప్పు వేస్తానంటే అందరికీ నచ్చి ఉండదు. కానీ ప్రభుత్వ నిర్మాణ శాఖ చేయి కలిపింది. ఆ శాఖలోని ఆర్కిటెక్టు పర్సీ లె క్లెర్క్ పని నడిపించాడు. పాత వస్తువుల నిపుణుడు జాన్ హంట్ సామాను సమకూర్చడంలో సాయపడ్డాడు. 1960లో కోటను జనానికి తెరిచారు. గోర్ట్ సేకరించిన సామానంతా ఐరిష్ ప్రజల తరఫున ట్రస్టులో ఉంది.

నా స్నేహితుడి మొదటి ఆక్షేపణ ఇక్కడే. ఆ కప్పు ఎక్కడిది? పాతది కూలి దశాబ్దాలు గడిచాక, అది ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? న్యాయమైన ప్రశ్న. 1964లో వెనిస్‌లో కట్టడాల పరిరక్షణ నిపుణులంతా కూర్చుని ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది అందులో ముఖ్యమైన నియమం. కొత్తగా పెట్టిన భాగం పాతదాంతో కలిసిపోవాలి, కానీ చూస్తే కొత్తదని తెలియాలన్నది ఇంకొకటి. బన్‌రాటీ పని ఆ పత్రానికి నాలుగేళ్ల ముందే ముగిసింది.

అయినా వాళ్లు గాల్లోంచి ఊహించలేదు. డబ్లిన్ కౌంటీలో డన్‌సాక్లీ అనే కోట ఉంది. 1450 ప్రాంతంలో ప్లంకెట్ వంశం వాళ్లు కట్టింది. ఆ కాలపు ఐరిష్ కోటల్లో అసలు ఓక్ కప్పు చెక్కుచెదరకుండా మిగిలింది దాదాపుగా అదొక్కటే. బన్‌రాటీకి నమూనా అదే. డబ్లిన్ దూలం క్లేర్ గోడమీద ఎందుకని అడగొచ్చు. ఈ రెండు కోటల మధ్య ఎడం పాతికేళ్లే. రెండు చోట్లా అదే ఓక్, అదే గొడ్డలి, అదే వాన. ఒక వడ్రంగి చనిపోతే అదే ఊళ్లో ఇంకో వడ్రంగిని అడిగి పని పూర్తి చేయించుకున్నట్టే ఉంది నాకు. నాన్నకు ఈ విషయం చెబితే, "మరి ఇంకేం చేస్తారు? చూసే కదా నేర్చుకునేది" అన్నాడు.

అసలు శిథిలమే నిజమైనది అనే మాట దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. కప్పులేని బూడిదరంగు రాతి గోడ, దాని మీద ఐవీ తీగ, చుట్టూ పచ్చిక. మనందరికీ ఐర్లండ్ అంటే ఈ బొమ్మే కళ్ల ముందు మెదులుతుంది. కానీ ఆ గోడలు కట్టినవాళ్లు ఆ రాళ్లను ఎవరూ చూడకూడదనే కట్టారు. రాతి మీద సున్నం పూత ఉండేది, దానిమీద వెల్ల. మంచు తెర తీస్తే దూరం నుంచి తెల్లగా మెరిసే ఇల్లది. కార్క్ కౌంటీలో సముద్రపు ఒడ్డున కిల్‌కో కోట ఉంది. నటుడు జెరెమీ ఐరన్స్ 1998లో ఆ శిథిలాన్ని కొని, కప్పు వేయించి, బయట సున్నం పూత పూయించి రంగు వేయించాడు. అది ఎర్రమట్టి కలిసిన పీచ్ పండు రంగులో తేలేసరికి జనం ఉలిక్కిపడ్డారు. రంగు మీద వాదించుకోవచ్చు. పూత మాత్రం న్యాయమైనది. బోసి రాయిని చూసి ఇదే మధ్యయుగం అనుకోవడం, పెచ్చులూడిన ఇంటిని చూసి తాతలు ఇలాగే కట్టారు అనుకోవడం లాంటిది.

పైగా శిథిలం ఉన్నచోట ఉండదు. ఏటా కిందికి దిగుతూనే ఉంటుంది. ఈ కోట గోడలు ఒక్క రాయి మందం కావు. బయట ఒక వరస, లోపల ఒక వరస పేర్చి, మధ్యలో చిన్న రాళ్లూ సున్నం గచ్చూ కూరతారు. పైన కప్పూ పిట్టగోడా ఉన్నంత కాలం ఆ కడుపు పొడిగా ఉంటుంది. అవి పోయాక నీళ్లు నడిమి కూరులోకి దిగుతాయి. సున్నాన్ని కొద్దికొద్దిగా కడిగేస్తాయి. చలికాలంలో గడ్డకట్టి రాళ్లను తోస్తాయి. పక్షి రెట్టలోంచి ఒక గింజ పడుతుంది, మొక్క మొలుస్తుంది, వేరు దిగుతుంది. గోడకు పొట్ట వస్తుంది. ఒకచోట అలాంటి పొట్టను చూసి నాన్న, "ఇది ఇంక పదేళ్లు" అన్నట్టు వేళ్లు లెక్కపెట్టాడు. మధ్యలో ఎవరైనా మంచి చేద్దామని సందుల్లో సిమెంటు కూరితే ఇంకా చెరుపు. సున్నం ఊపిరి పీలుస్తుంది, తడిని బయటికి పోనిస్తుంది. సిమెంటు మూత వేస్తుంది. లోపలి తడికి దారిలేక మెత్తటి రాయే పొరలు పొరలుగా రాలుతుంది. ఇప్పుడు ఇక్కడ మంచి మేస్త్రీలంతా మళ్లీ సున్నానికే వచ్చారు. మా తాతల గానుగ సున్నం గురించి నాన్న చెప్పింది నేను ఇంగ్లీషులో చెబితే, ఒక ఐరిష్ మేస్త్రీ నవ్వి, ఇసుకను ఏ లెక్కన కలిపేవారో అడిగాడు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మధ్యలో నేను.

ఇప్పుడు నా స్నేహితుడి నిజం దగ్గరికి వస్తాను. అది నాకు అర్థమైంది బన్‌రాటీలో కాదు. అక్కడికి కారులో ముప్పావుగంట దూరంలో, ఒక రైతు పొలంలో.

ఐర్లండ్‌లో ఇలాంటి చిన్న కోటలు, టవర్ హౌస్‌లంటారు, పదిహేను పదహారు శతాబ్దాల్లో వేల సంఖ్యలో కట్టారు. 1429లో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ ప్రభుత్వం డబ్లిన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు, నలభై అడుగుల ఎత్తు కోట కట్టుకునేవాళ్లకు పది పౌండ్ల సాయం ప్రకటించింది. క్లేర్, గాల్వే వైపు ఏ సాయమూ లేకుండానే గేలిక్ నాయకులు కట్టుకున్నారు. రోడ్డు మీద పోతుంటే పొలాల మధ్య పొగగొట్టాల్లా కనబడుతూనే ఉంటాయి. చాలావాటికి బోర్డు లేదు, టికెట్ లేదు. ఆవులు నిలబడి ఉంటాయి.

నాన్నా నేనూ అలాంటి ఒకదాని దగ్గర ఆగి, రైతును అడిగి లోపలికెళ్లాం. కింది గది మీద కమాను కప్పు ఇంకా నిలిచే ఉంది. నాన్న ఫోన్ టార్చి పైకి కొట్టి చూసి, "ఒరేయ్, తడిక!" అని గట్టిగా అరిచాడు. కమాను అడుగున సున్నంలో తడిక అల్లిక అచ్చు పడి ఉంది. ఒక బద్ద పైన, ఒక బద్ద కింద, ముడులతో సహా. మధ్యయుగపు ఐరిష్ మేస్త్రీలు కమాను పోయడానికి చెక్కల బదులు సన్న కొమ్మలతో అల్లిన తడికను వంచి పెట్టి, దాని మీద సున్నం పరిచి రాళ్లు పేర్చేవాళ్లు. గట్టిపడ్డాక కింది ఆసరా తీసేస్తే తడిక గుర్తు సున్నంలో మిగిలిపోయేది. "ఇది వీళ్ల సెంట్రింగ్" అన్నాడు నాన్న. ఆ బద్దల్ని ఎవరో ఒకరు కూర్చుని అల్లారు. ఐదు వందల ఏళ్లు దాటాయి. ఆ చేయి కుడిచేతివాటమా ఎడమచేతివాటమా అని నాన్న టార్చి తిప్పి తిప్పి చూశాడు.

బన్‌రాటీలో ఆ నేత తెరలు చూసి ఒక్క మాట అనని మనిషి, ఇక్కడి నుంచి కదలనన్నాడు.

శిథిలంలో ఎముకలు కనబడతాయి. నా స్నేహితుడు చెప్పేదాంట్లో సారం ఇదేనని నాకప్పుడు తెలిసింది. పనితనం చూడాలంటే పూత లేని గోడ కావాలి. మీత్ కౌంటీలో ట్రిమ్ కోట ఇందుకు పెద్ద ఉదాహరణ. 1172లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ మీత్ ప్రాంతాన్ని హ్యూ డి లేసీకి ఇచ్చాడు. అతను బాయన్ నది ఒడ్డున కోట మొదలుపెట్టాడు, కొడుకు వాల్టర్ పూర్తి చేశాడు. ఐర్లండ్‌లో నార్మన్లు కట్టిన కోటల్లోకెల్లా పెద్దది. మధ్యలో ఇరవై మూలల ఎత్తైన కట్టడం. అది ఎప్పుడు కట్టారో సరిగ్గా తేల్చింది రాతపత్రాలు కాదు, పరంజా కోసం గోడల్లో వదిలిన రంధ్రాల్లో మిగిలిపోయిన ఓక్ ముక్కలు. వాటిలో ఏడాదికొకటిగా పడిన చెట్టు వలయాలు లెక్కపెడితే 1170ల మధ్య నుంచి 1200 దాటాక కొన్నేళ్ల దాకా విడతలు విడతలుగా పని జరిగిందని తేలింది. వందేళ్ల క్రితం ఎవరైనా ఉత్సాహపడి ఆ రంధ్రాలన్నీ పూడ్చి నున్నగా చేసి ఉంటే ఆ లెక్క మనకు దొరికేది కాదు.

1993లో ప్రభుత్వం ట్రిమ్‌ను కొని, ఏళ్ల తరబడి తవ్వకాలూ మరమ్మతులూ చేసి 2000లో తెరిచింది. గదులు మళ్లీ కట్టలేదు, సామాను పెట్టలేదు. లోపల నడవడానికి వంతెనల్లాంటి దారులు వేశారు. పైన మాత్రం కాపు కాసే కప్పు వేశారు. శిథిలాన్ని శిథిలంగా ఉంచాలన్నా కప్పు తప్పలేదు. నా స్నేహితుడికి ఎక్కువ ఇష్టమైన కోట ఇదే. ఈ కప్పు సంగతి చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు.

బన్‌రాటీ మీద నాకున్న ఫిర్యాదు కప్పు గురించి కాదు, దాని కిందున్న కథ గురించి. ఆ గదులు 1600 చుట్టుపక్కల కాలాన్ని చూపిస్తాయి. స్టడర్ట్ కుటుంబం బతికిన కాలం, పోలీసులున్న కాలం, కప్పు కూలి వాన కురిసిన దశాబ్దాలు, వాటన్నిటికీ ఆ గదుల్లో చోటు చాలా తక్కువ. అక్కడి బల్లలూ పెట్టెలూ నిజంగా పాతవే, కానీ ఆ ఇంటివి కావు. గోర్ట్ సేకరించి తెచ్చినవి. ఇదంతా దాచారని నేననను. కానీ హాల్లోకి అడుగుపెట్టిన మామూలు మనిషికి, ఓబ్రయన్లు ఇప్పుడే భోజనం ముగించి లేచి వెళ్లారనే అనిపిస్తుంది. నాన్న మేస్త్రీ కాబట్టి కప్పు కొత్తదని పట్టాడు. అమ్మ పట్టలేదు. ఆమెకు ఎవరైనా చెప్పాలి, అక్కడే, తల పైకెత్తే చోటే. కూలిన హాలు ఫోటో ఒకటి ఆ గోడకు పెద్దదిగా పెడితే చాలు. కోట పరువు తగ్గదు. కప్పు వేసినవాళ్ల గొప్పతనం అప్పుడే తెలుస్తుంది.

విందుల గురించి నేను నా స్నేహితుడంత కోపంగా లేను. 1963 నుంచి ఆ కోటలో మధ్యయుగపు విందులు నడుస్తున్నాయి. తేనె మద్యం, వీణ లాంటి హార్ప్, పాటలు. అవెందుకొచ్చాయో చూడాలి. పక్కనే షానన్ విమానాశ్రయం. అట్లాంటిక్ దాటే చాలా విమానాలు ఒకప్పుడు పెట్రోలు కోసం అక్కడ దిగేవి. ప్రపంచంలో మొదటి డ్యూటీ ఫ్రీ షాపు 1947లో అక్కడే మొదలైంది. జెట్ విమానాలొచ్చాక ఆగే పని లేకుండా పోయింది. ఆ ప్రాంతానికి బతుకుతెరువు కావాలి, జనం ఆగడానికి ఒక కారణం కావాలి. ఆ విందుల్లో పాడి, వడ్డించి ఎంతోమంది జీతం తెచ్చుకున్నారు. టికెట్ డబ్బు ఉన్న కోటకు ఎవరో ఒకరు నిచ్చెన వేసి పైకెక్కి చూస్తారు. నాకు అది చాలు.

టికెట్ లేని వేల కోటల మాటేమిటి? ఒక కోటకు సామాను, లైట్లు, కేఫ్ పెట్టే డబ్బుతో ఎన్ని గోడల తలలు కప్పొచ్చో లెక్క వేయాలని నేనంటున్నాను. ప్రతి టవర్‌కూ ఓక్ కప్పు అక్కర్లేదు. గోడ తల మీద మొక్కలు పీకి, సున్నంతో సందులు పూడ్చి, నీళ్లు పక్కకు జారేలా వాలు చేస్తే చాలు. పైన గడ్డి పెళ్లలు పరిచినా చాలాచోట్ల బాగా పనిచేస్తోంది. ఆ పచ్చిక తడిని పీల్చుకుంటుంది, చలిని ఆపుతుంది. నాలుగో ఎర్ల్ సీసపు రేకులు పరిచినప్పుడు చేసింది కూడా ఇదే పని. 2020 నుంచి ప్రభుత్వం ఇలాంటి చిన్న కట్టడాల కోసం కమ్యూనిటీ మాన్యుమెంట్స్ ఫండ్ నడుపుతోంది. మంచి పని. కానీ దరఖాస్తుకు ముందు నిపుణుడి నివేదిక కావాలి, పరంజా కావాలి, గబ్బిలాలున్నాయేమో చూడాలి. 1994 చట్టం ప్రకారం, జాబితాలో ఉన్న కట్టడం మీద చేయి వేయాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ నియమాలన్నీ అవసరమే. తెలియనివాడు సిమెంటు బస్తా పట్టుకుని రాకుండా ఆపేవి అవే. కానీ డెబ్భై ఏళ్ల రైతు ఒక్కడే ఆ కాగితాలు నింపలేడు. గోడ తలమీద మొక్క పీకడం వరకైనా అధికారులే ఇంటికొచ్చి చేసిపెట్టాలి.

ఈ జనవరిలో ఒక తుఫాను వెళ్లాక, నాన్న ఫోన్ చేసి ఆ తడిక ఎలా ఉందో చూసి రమ్మన్నాడు. ఆదివారం వెళ్లాను. కమాను మధ్యలో ఒక ముక్క ఊడి పడింది. బల్ల అంత వెడల్పు. పైనున్న సన్నటి యాష్ చెట్టు వేరు ఆ రంధ్రంలోంచి వేలాడుతోంది, తడిగా. కింద పేడలో పడిన ముక్క మీద తడిక అచ్చు ఇంకా స్పష్టంగా ఉంది. రైతు నా వెనకే వచ్చాడు. "చెట్టు సంగతి నాకు పదేళ్లుగా తెలుసు. ముట్టుకుంటే కేసు పెడతారేమోనని భయం" అన్నాడు. ఫండ్ గురించి చెప్పాను. ఎప్పుడూ వినలేదన్నాడు. ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చాడు. వంటింటి బల్ల మీద నా ల్యాప్‌టాప్ తెరిచి దరఖాస్తు కాగితాలు వెతికాం. మొదటి పేజీలో కట్టడం పేరు రాయమని ఉంది. ఆయన కాసేపు ఆలోచించి, "మా నాన్న దాన్ని ఊరికే 'ది క్యాజిల్' అనేవాడు, అదే రాయండి" అన్నాడు. రాశాను.